ఒక్కటే ఉన్నవి ముందు

టైంటేబుల్ బల్లను బడి నుంచి ఇంటికి తెచ్చిన రోజున బండివాడు దాన్ని తలుపనుకున్నాడు. ఏ గదికమ్మా ఇది అని అడిగితే ఏం చెప్పాలో తోచక సైన్సు టీచరు ముందుగదికని చెప్పింది. నిలువుగా పెడితే అది గుమ్మంలోంచి రాలేదు. అడ్డంగా తిప్పితే గోడకు తగిలింది. చివరికి ఆడపడుచు లోపలినుంచి వచ్చి, బట్టను ఎటు మడవాలో ఎరిగిన మనిషి కనుక, ఏ మూల ముందు పోవాలో వేలితో చూపించింది. బల్ల లోపలికి వచ్చింది గాని కుట్టుమిషను కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరగాల్సి వచ్చింది.

"దీని కోసం నా వెలుతురు పోయింది వదినా. శుక్రవారం దాకానే, చెబుతున్నా," అంది ఆడపడుచు. అన్నయ్య పోయిన వారానికే ఆవిడ తన మిషనుతో సహా వదిన ఇంటికి వచ్చేసింది. ఎందుకొచ్చావని ఈమె అడగలేదు, ఎన్నాళ్ళుంటానని ఆవిడా చెప్పలేదు.

అది ప్లైవుడ్డు బల్ల. దాని మీద అడ్డంగా వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు. నిలువుగా పద్నాలుగు తరగతులు. ఒక్కో గడికి ఒక్కో చిన్న మేకు చొప్పున ఐదువందల అరవై మేకులు. వాటి అడుగున ఏ తరగతికీ చెందని మేకుల వరస ఇంకొకటి. మేకులకు తగిలించడానికి ఒక రేకుపెట్టె నిండా అట్టముక్కలు. ప్రతి ముక్కకూ పైన చిల్లు, మధ్యలో పాఠం పేరు, కింద చెప్పేవాళ్ళ పేరు. లెక్కలవి పసుపు, భాషవి ఆకుపచ్చ, సైన్సువి నీలం, డ్రాయింగువి ఎరుపు. ఏటా సెలవుల చివరి వారంలో ఆమె భర్త, బళ్ళో అందరూ భూగోళం మాస్టారని పిలిచే ఆయన, పటాల గదిలో ఈ బల్ల ముందు కూర్చుని బడి మొత్తాన్నీ దాని మీద వేలాడదీసేవాడు. పందొమ్మిదేళ్ళు అలా చేశాడు. ఆ వారమంతా ఇంటికి ఆలస్యంగా వస్తే ఆమె విసుక్కునేది. ఎలా వేస్తారండీ అని మాత్రం ఎన్నడూ అడగలేదు. నాలుగు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున ఆయన చెప్పులు తొడుక్కోవడానికి వంగి మళ్ళీ లేవలేదు.

ఈ ఏడు టైంటేబుల్ ఎవరు వేస్తారని హెడ్మాస్టరు అడిగినప్పుడు ఉపాధ్యాయుల గదిలో అందరూ తమ తమ పుస్తకాల అట్టల్ని పరీక్షగా చూసుకున్నారు. నేను వేస్తానని ఎవరో అన్నారు. అన్నది తనేనని సైన్సు టీచరుకు అందరూ తనవైపు తిరిగాక తెలిసింది.

హెడ్మాస్టరు మంచివాడే. శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఇస్తే చాలన్నాడు. చిక్కు ఒక్కటే ఉందన్నాడు. డ్రాయింగు మాస్టారు ఇన్నాళ్ళూ వారానికి మూడు రోజులు వచ్చేవాడు, మిగతా రెండు రోజులు ఇంకో బడికి పోయేవాడు. ఇప్పుడు ఆ బడివాళ్ళు ఇంకో రోజు అడిగారు. ఇకమీదట ఆయన వచ్చేది మంగళ, శుక్రవారాలే. ఆ రెండు రోజుల్లో పద్నాలుగు తరగతులకూ డ్రాయింగు పట్టాలి.

"కుదిరితే సరేసరి. కుదరకపోతే ఈ ఏటికి డ్రాయింగు తీసేద్దాం టీచర్‌గారూ. ఆ పీరియడ్లు లెక్కలకిచ్చేద్దాం. ఒక్క ఏడాదేగా," అన్నాడు హెడ్మాస్టరు.

పెద్ద లెక్కల మాస్టారు తల ఊపాడు. ఆయన తల ఎప్పుడూ కొంచెం ఊగుతూనే ఉంటుంది కాబట్టి అది ఒప్పుకోలో అలవాటో చెప్పలేం. డ్రాయింగు మాస్టారు అక్కడ లేడు, ఆ రోజు ఆయన రోజు కాదు. తన పాఠం ఇలా గుమ్మం దగ్గర నిలబడి ఉందని ఆయనకు తెలియదు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఒక్క ఏడాదికని తీసేసినదాన్ని మరుసటేడు ఎవరు తెచ్చి పెడతారో సైన్సు టీచరుకు తెలుసు. నిజానికి ఆమెకు డ్రాయింగు మీద పెద్ద గౌరవమేమీ లేదు. పిల్లలు రంగు చేతులతో వచ్చి ప్రయోగశాల బల్లలు పాడుచేస్తారని ఫిర్యాదు చేసిన మనిషే. కానీ పందొమ్మిదేళ్ళలో తన భర్త చేతిమీదుగా ఏ పాఠమూ బడి దాటి పోలేదు. బల్ల తన చేతికి వచ్చిన మొదటి ఏడే ఒకటి పోతే, పోగొట్టింది హెడ్మాస్టరని ఎవరనుకున్నా తను అనుకోలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. బండి మాట్లాడుకుని బల్లను ఇంటికి తెచ్చుకుంది.

సోమవారం పొద్దున ఆమె ఒక తెల్లకాగితం తీసి ముఖ్యమైనవి ముందు అని రాసుకుంది. దాని కింద లెక్కలు, ఆ కింద భాష, తర్వాత సైన్సు, సాంఘికం, ఆటలు. అన్నిటికీ అడుగున డ్రాయింగు. చదువు చెప్పేవాళ్ళెవరైనా ఆ వరసే రాస్తారు. ఆడపడుచు కూడా మిషను మీదనుంచి తలెత్తి సరేనంది. తామూ అంతేనట, బట్ట మీద ముందు వెన్నూ చాతీ పరుస్తారట, కాలరూ జేబూ మిగిలిన సందుల్లో సర్దుతారట. బట్ట సరిపోకపోతే జేబు మానేస్తారట.

"జేబు లేకపోతే చొక్కా చొక్కా కాకుండా పోదుగా," అంది.

సోమవారం పోయింది. మంగళవారం పోయింది. డెబ్భై పసుపు ముక్కలు ముందుగా ఎక్కేవి. లెక్కలు పొద్దుటి పూటే ఉండాలని, బుర్ర అప్పుడే తాజాగా ఉంటుందని పెద్ద లెక్కల మాస్టారు ఏళ్ళ తరబడి చెవిలో జోరీగలా చెబుతూ వచ్చాడు కనుక అవి పొద్దుటి గడులన్నీ ఆక్రమించేవి. వాటి పక్కన ఆకుపచ్చవి సర్దుకునేవి. నీలంవి సందు చూసుకుని కూర్చునేవి. అంతా అయ్యాక ఎర్రవి పట్టుకుంటే, మంగళ శుక్రవారాల్లో ఒక తరగతికి గడి ఖాళీ ఉన్నచోట డ్రాయింగు మాస్టారు ఖాళీగా లేడు. ఆయన ఖాళీగా ఉన్నచోట తరగతి లెక్కల్లో మునిగి ఉంది. ఒక పసుపు ముక్కను కదిపితే దానివెనక నాలుగు కదిలేవి, ఆ నాలుగింటి వెనక పదకొండు. ఏనుగంతా దూరి తోక దగ్గర చిక్కుకున్నట్టు ప్రతిసారీ చివర మూడు ఎర్రముక్కలు మిగిలేవి. ఒకసారి ఆరు మిగిలాయి. ఒక్కసారి రెండే మిగిలాయి గాని, అప్పుడు ఎనిమిదో తరగతివాళ్ళు ఒకే పీరియడులో ఆటస్థలంలోనూ ప్రయోగశాలలోనూ ఉన్నారు.

బుధవారం సాయంత్రానికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. అరచేతిలో మూడు ఎర్రముక్కలు పెట్టుకుని కూర్చుంది. హెడ్మాస్టరుగారికి అని ఒక కాగితం మీద రాసి, ఆ పైమాట కోసం వెతుక్కుంటోంది. విచారిస్తున్నాను అని రాయాలా, వీలుపడలేదు అని రాయాలా. వీలుపడలేదు అన్నది నిజం. అదే రాసింది.

ఆడపడుచు ఆ చీటీ చూసింది. బల్ల ముందు నేల మీద చతికిలబడి, మేకుల మీది ముక్కలు ఒక్కొక్కటే తీసి పెట్టెలో వేయడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది.

"వదినా, ఇలా చూడు. ఈ పసుపువాటి కాజాలు చూడు."

చిల్లుల్ని ఆవిడ కాజాలంది. పసుపు ముక్కల చిల్లులు సాగి, పగిలి, కొన్ని అంచుదాకా చిరిగిపోయి ఉన్నాయి. చిరిగినచోట ఆయన వెనకనుంచి గుడ్డపట్టీ అంటించాడు, ఆ పట్టీ కూడా చిరిగితే ఇంకొకటి అంటించాడు. ఆకుపచ్చవీ దాదాపు అంతే.

"రోజూ పెట్టి తీసే గుండీ కాజా ఇలా అవుతుంది. ఇవి చూడు, ఎర్రవి. ఒకసారి పెట్టాక మళ్ళీ విప్పని గుండీలివి," అంది ఆడపడుచు.

సైన్సు టీచరు ఎర్రముక్కను దీపానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. చిల్లు గుండ్రంగా, నిన్న కొట్టినట్టుగా ఉంది. పందొమ్మిదేళ్ళ ముక్క అది. ఇద్దరూ కలిసి పెట్టె మొత్తం నేల మీద గుమ్మరించి, రంగుల్ని బట్టి కాకుండా చిల్లుల్ని బట్టి ఏరారు. నలిగినవన్నీ ఒక కుప్ప, నలగనివన్నీ ఒక కుప్ప. నలిగిన కుప్ప పెద్దది. లెక్కలు, భాష, సాంఘికం, తను ముందు పెట్టినవన్నీ అందులోనే ఉన్నాయి. నలగని కుప్పలో డ్రాయింగువి ఉన్నాయి, ప్రయోగశాలవి ఉన్నాయి, ఆటస్థలంవి ఉన్నాయి.

ఆమె ఆ చిన్న కుప్పను చాలాసేపు చూసింది. ప్రయోగశాల ఒక్కటే. ఆటస్థలం ఒక్కటే. డ్రాయింగు మాస్టారు ఒక్కడే. లెక్కలకు నలుగురున్నారు, భాషకు ఐదుగురు. ఒకరు అటు ఉంటే ఇంకొకరు ఇటు ఉంటారు, పొద్దున కాకపోతే మధ్యాహ్నం చెబుతారు. ఏది ముఖ్యం అని ఆమె భర్త ఏనాడూ అడగలేదు. ఏది ఒక్కటే ఉంది అని అడిగాడు. అవి ముందు తగిలించి, ఇక వాటిని ముట్టుకోకుండా, మిగతా బడినంతా వాటి చుట్టూ తిప్పాడు. ఘనమైన పాఠాలే కాళ్ళరిగేలా తిరిగాయి.

ఏళ్ళతరబడి ఒకే కప్పు కింద బతికిన మనిషి బుర్రలోకి తొంగిచూడడానికి ఆమెకు అట్టముక్కలకున్న చిల్లులు దారి ఇచ్చాయి. ఆశ్చర్యమనే మాట ఆ క్షణానికి చాలదు. రాత్రిపూట మేడ మీద నిలబడ్డప్పుడు, తలమీద ఉన్నది చీకటి కాదు దూరమని తెలిసినప్పుడు కలిగేలాంటిదది.

"ఇదొకటుంది వదినా, ఏ కుప్పలో వెయ్యను?" అంది ఆడపడుచు.

అది తెల్లముక్క. దాని మీద ఏమీ రాసిలేదు. అంచులు పసుపుబారి ఉన్నాయి గాని చిల్లు అన్నిటికంటే కొత్తగా ఉంది. వాడని ముక్కేమోలే అంది సైన్సు టీచరు. ఆడపడుచు ఒప్పుకోలేదు. వాడనిదైతే పెట్టెలో ఉండి అంతా ఒకేలా పాతబడేదని, దీని ముఖం ఎండకు మాగిందనీ వీపు తెల్లగా ఉందనీ తిప్పి చూపించింది. తర్వాత లేచి బల్ల దగ్గరకు వెళ్ళి కిందినుంచి పైకి వేలితో తడుముతూ పోయింది. అన్నిటికీ అడుగున, ఏ తరగతికీ చెందని ఆ వరసలో, ఒక్క మేకు కింద ప్లైవుడ్డు పాలిపోయి ఉంది. ముక్క అంత మేర, నాలుగంచులూ తెలిసేలా. ఆ వరసలో మిగతా చెక్కంతా పటాల గది ఎండకు నల్లబడింది. ఆ చోటికి మాత్రం పందొమ్మిదేళ్ళుగా ఎండ తగల్లేదు.

బుధవారం, నాలుగో పీరియడు.

సైన్సు టీచరు లేచి పక్కగదిలోకి వెళ్ళింది. నాలుగు నెలలుగా తెరవని ఆయన బీరువా తెరిచి, పాత టైంటేబుళ్ళ దస్త్రం తీసింది. మొత్తం పందొమ్మిది కాగితాలు. ఒక్కో దానిలో బుధవారం నాలుగో పీరియడు మీద వేలుపెట్టి తరగతులన్నీ కిందిదాకా చూసింది. ఎవరెవరివో పేర్లున్నాయి. ఏ ఏటా ఆయన పేరు లేదు. ఏ ఏటా ఆమె పేరు లేదు. చివరి కాగితం అయ్యాక మళ్ళీ మొదటిది తీసి చూసింది. తరగతులు పెరిగాయి, మాస్టర్లు మారారు, ఒక ఏడు బడి వేళలే మారాయి. ఆ గడి మారలేదు.

ఆ గంట ఆమెకు తెలుసు. ప్రయోగశాల వెనక గదిలో ఆమె పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ ఉండేది. ఆయన వచ్చి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. మీకూ ఖాళీయేనా అనేది మొదట్లో. ఖాళీయే అనేవాడు. కొన్నాళ్ళకు అదీ అడగడం మానేసింది. పనుంది, కాసేపు మాట్లాడకండి అనేది. ఆయన మాట్లాడేవాడు కాదు. ఎవరైనా సెలవు పెడితే ఆ పీరియడు వాళ్ళకు బదులు తనే వెళ్ళేది, ఎలాగూ ఖాళీయే కదా అని. తిరిగి వచ్చేసరికి స్టూలు బల్లకిందికి నెట్టి ఉండేది. ఏదో కుదిరింది, ఇద్దరికీ ఒకే పీరియడు ఖాళీ వచ్చింది అనుకుంది ఇన్నాళ్ళూ. ఏడాదికి ముప్ఫై ఆరు వారాలు. పందొమ్మిదేళ్ళకు దాదాపు ఏడువందల పీరియడ్లు. ఐదారువందల మంది పిల్లల్నీ ముప్ఫైమంది పెద్దల్నీ దాని చుట్టూ తిప్పి, ఆయన ఆ గడిని ఖాళీగా ఉంచాడు.

ఆమె దస్త్రం మూసి ముందుగదిలోకి వచ్చింది. ఏడవలేదు. చీటీ మీద రాసిన వీలుపడలేదు అనే మాటను ఒకసారి చదివి, చింపి, బల్ల ఖాళీ చేసింది. మరునాడు పొద్దున పద్నాలుగు ఎర్రముక్కలూ మంగళ, శుక్రవారాల్లో ఏడేసి చొప్పున తగిలించింది. ఖాళీ బల్ల మీద అవి కావలసినంత చోటుతో కూర్చున్నాయి. తర్వాత ప్రయోగశాల. తర్వాత ఆటస్థలం. తర్వాత ఆమె చేయి ఆగింది.

"అది పెట్టవా వదినా?" అంది ఆడపడుచు మిషను మీదనుంచి.

"ఇప్పుడు ఒక్కదాన్నేగా."

"దానిమీద ఇద్దరని రాసిలేదుగా."

సైన్సు టీచరు తెల్లముక్కను దాని మేకుకు తగిలించింది. అది పాలిపోయిన చోటును సరిగ్గా కప్పింది.

ఆ పైన పసుపువి మొదలయ్యాయి. గురువారమంతా అవి తిరిగాయి. మూడుసార్లు అంతా చిక్కుపడింది. ఒకసారి ఆ తెల్లముక్క తీసేస్తే అన్నీ ఇట్టే సర్దుకుంటాయని స్పష్టంగా కనిపించింది. ఆమె దానికేసి చూసి, పెద్ద లెక్కల మాస్టారి ముక్కలు మూడు తీసి భోజనం తర్వాతి గడుల్లో వేసింది. దాంతో తొమ్మిదో తరగతి కదిలింది, దానివెనక భాష కదిలింది. ఒక చిన్న నీలం ముక్క, తనదే, శుక్రవారం ఆఖరి పీరియడుకు పోయింది. ఆ పీరియడును బళ్ళో ఎవరూ కోరరు. అక్కడితో అన్నీ ఆగాయి. చేతిలో ఏ ముక్కా మిగల్లేదు. ఆమె నమ్మక పెట్టె బోర్లించి చూసింది. ఆడపడుచు వచ్చి మిషను కింద, చాప కింద కూడా వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. అన్నీ బల్ల మీదే ఉన్నాయి.

శుక్రవారం పదకొండు గంటలకు పెద్ద లెక్కల మాస్టారు ఉపాధ్యాయుల గదిలో, బల్ల మీదినుంచి ఆమె ఎత్తిరాసి తెచ్చిన కాగితం ముందు నిలబడి తన పేరున్న గడులన్నీ వేలితో లెక్కపెట్టుకున్నాడు. భోజనం తర్వాత మూడు వేశారేమిటని అడిగాడు. తిన్న తర్వాత పిల్లలకు లెక్కలు చెప్పడం దున్నపోతు మీద వాన కురిపించడమేనన్నాడు. ఆ మూడింటికీ డ్రాయింగును పక్కకు జరపవచ్చు కదా అన్నాడు. గదిలో వాళ్ళు మళ్ళీ పుస్తకాల అట్టలు చూసుకున్నారు. హెడ్మాస్టరు ఆమెవైపు చూశాడు.

"మీరు నలుగురున్నారు మాస్టారూ. ఆయన ఒక్కరే," అంది సైన్సు టీచరు.

పెద్ద లెక్కల మాస్టారు చాలాసేపు ఆ కాగితాన్నే చూశాడు. ఆ కాసేపూ ఆయన తల ఊగలేదు.

"నావి ఎన్నిసార్లు మార్చారు?"

"పదిహేడు సార్లు."

"మీ ఆయనా మార్చేవాడు. నాకు తెలియదనుకునేవాడు. సోమవారం పొద్దున నాలుగు చేతిలో పెట్టి, మంగళవారం మధ్యాహ్నం మూడు లాక్కునేవాడు. అడిగితే ఏం చెబుతాడో అని నేనెప్పుడూ అడగలేదు," అన్నాడాయన. జేబులోంచి కలం తీసి ఆ మూడు గడులూ తన చిన్న పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. "ఇప్పుడు తెలిసింది. ఉండనివ్వండి."

బడి తెరిచాక వచ్చిన మంగళవారం, రెండో పీరియడు ముగిసే గంటకు కాస్త ముందు సైన్సు టీచరు మెట్ల మలుపు దగ్గర ఉంది. చేతిలో గాజు గొట్టాల పెట్టె, చంకలో హాజరు పుస్తకం. మూడో పీరియడు ఆమెకు పై అంతస్తులో పాఠం. తర్వాతి తరగతికి కాగితాల కోసం కిందికి దిగిన డ్రాయింగు మాస్టారు, చుట్టలు చుట్టిన ఆ కాగితాలు భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. టైంటేబుల్ తమరే వేశారటగా అని పలకరించి, ఊపిరాడకుండా ఏడు పీరియడ్లు వరసగా వేశారనీ, మీ ఆయనున్నప్పుడు మధ్యలో టీ చుక్క పడేదనీ దెప్పాడు. ఆఖరి పీరియడు ఖాళీయే కదా మాస్టారూ అంటే, ఇంటికెళ్ళే వేళకు టీ ఎవరికి కావాలమ్మా అని గొణుక్కుంటూ మెట్లెక్కి పోయాడు. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. తెలియకపోవడమే బాగుందనిపించింది ఆమెకు.

గంట మోగింది.

పద్నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. ఏడో తరగతి ఎడమవైపు మెట్లు దిగి ఆటస్థలానికి పోయింది. తొమ్మిదో తరగతి కుడివైపు మెట్లెక్కి ప్రయోగశాలకు, ఇంకో సైన్సు మాస్టారి దగ్గరకు పోయింది. ఒకళ్ళకొకళ్ళు తగల్లేదు. చిన్నపిల్లలు రంగుల డబ్బాలు గలగలలాడించుకుంటూ డ్రాయింగు గదికి నడిచారు. వాళ్ళు ఖాళీ చేసిన గదిలోకి ఎవరూ రాలేదు, రానక్కర్లేదు కూడా. నలుగురు లెక్కల మాస్టార్లు నాలుగు వైపులనుంచి వరండాలో కలిసి నాలుగు వైపులకు విడిపోయారు. భాష చెప్పే అమ్మ ఒక గుమ్మంలోంచి బయటికి వస్తూ, అదే గుమ్మంలోకి వెళ్ళబోతున్న సాంఘికం మాస్టారికి సుద్దముక్క అందించి పోయింది. ఏ తలుపు దగ్గరా ఎవరూ ఎదురుచూడలేదు. ఏ గదికీ ఇద్దరు రాలేదు. రోజుకు ఏడుసార్లు, ఇన్నేళ్ళుగా, ఆమె ఈ తొక్కిసలాటలో తలవంచుకుని నడిచింది. ఇది తొక్కిసలాట కాదని ఇప్పుడు చూసింది. ఐదారువందల మంది, ఒక్కొక్కరూ తమకు తోచినట్టే నడుస్తూ, నవ్వుతూ, ఒకరి జడ ఒకరు లాగుతూ, చేరవలసిన చోటికి చేరుతున్నారు. వాళ్ళలో ఒక్కరికీ తమను ఎవరో ముందే ఇలా తలచుకున్నారని తెలియదు. పిట్టల గుంపు చెట్టు మీదనుంచి లేచి, గాలిలో మలుపు తిరిగి, ఒక్క రెక్కా ఇంకోదానికి తగలకుండా మరో చెట్టు మీద వాలుతుందే, అలా ఉంది.

రెండు నిమిషాలు పట్టింది. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. వరండాలో దుమ్ము నెమ్మదిగా కిందికి దిగింది. పైగదిలో కాగితాలు బల్లల మీద పరుస్తున్న చప్పుడు, మైదానంలో ఈల. తర్వాత అదీ లేదు. బడి మొత్తం ఉండవలసిన చోట ఉంది.

ఉండవలసిన చోట లేని మనిషి తానొక్కతేనని ఆమెకు అప్పుడు తట్టింది. పై అంతస్తులోంచి, ఎనిమిదో తరగతి గదివైపునుంచి, టీచరు రాని గదిలో పుట్టే ఆ సన్నటి గోల మొదలైంది. సైన్సు టీచరు గాజు గొట్టాల పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.